తుపాకీ బట్టుతో పూల్ కర్ర

2014 నవంబరు 18, మంగళవారం, ఉదయం పది గంటలు. స్థలం: ఆదిలాబాద్ జిల్లా తూర్పు భాగంలో ఒక సాయుధ పోలీసు కేంద్రం, ఆయుధాగారం వెనక రేకుల షెడ్డు. హాజరైనవారు: బోర్డు అధ్యక్షులుగా అదనపు ఎస్పీ గారు, సభ్యులుగా రిజర్వ్ ఇన్‌స్పెక్టర్ గారు, ఒక రిజర్వ్ సబ్ ఇన్‌స్పెక్టర్, స్టోర్స్ రైటర్, ఆర్మరర్ హోదాలో నేను, మోత పనికి ఇద్దరు కానిస్టేబుళ్లు. ఆ ఇద్దరిలో ఒకరు రజిత.

నా డైరీలో ఆ రోజు పుట ఇలాగే మొదలవుతుంది. ఆర్మరర్ అంటే ఆయుధాల బాగోగులు చూసేవాడు. పోలీసు శాఖలో తుపాకీని అందరికంటే ఎక్కువగా ముట్టుకునేదీ, అందరికంటే తక్కువగా పేల్చేదీ అతనే. నేను కానిస్టేబుల్‌గా చేరి, ఆర్మరర్ కోర్సు పూర్తి చేసి, చివరికి అసిస్టెంట్ రిజర్వ్ సబ్ ఇన్‌స్పెక్టర్ హోదాలో పదవీ విరమణ చేశాను. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసులో ఇరవై ఎనిమిది ఏళ్లు ఆ ఆయుధాగారంలోనే గడిచాయి.

ఆ రోజు కూర్చున్నది కండెమ్నేషన్ బోర్డు. వాడకానికి పనికిరాని ఆయుధాలను పరీక్షించి, సేవ నుంచి తొలగించే అధికారుల బృందం అది. పాత పాయింట్ త్రీ నాట్ త్రీ తుపాకులు కొన్ని డజన్లు బల్లల మీద వరసగా పెట్టి ఉన్నాయి. ఒక్కొక్క తుపాకీ నంబరు రైటర్ చదువుతాడు, నేను గొట్టం, బోల్టు, చెక్క స్థితి చెబుతాను, అధ్యక్షులు తలూపితే రిజిస్టరులో ఎర్ర సిరాతో గీత పడుతుంది. ఇనుప భాగాలు సీలు వేసిన పెట్టెల్లో పై డిపోకు వెళ్లాలి. చెక్క భాగాలను బోర్డు ఎదుట తగలబెట్టి, తగలబెట్టినట్టు సర్టిఫికెట్ రాసుకోవాలి. అది పద్ధతి.

చెక్క భాగాల్లో పెద్దది బట్టు, అంటే భుజానికి ఆనించే వెనక చెక్క. ఈ రకం తుపాకీలో బట్టు విడి ముక్క. దాని మధ్యలో పొడుగునా ఒక రంధ్రం ఉంటుంది. రంధ్రం అడుగున ఒక పొడవాటి బోల్టు, బట్టును తుపాకీకి బిగిస్తుంది. మిగిలిన ఖాళీలో గొట్టం తుడిచే తాడు, వేలెడంత నూనె సీసా పెట్టుకునే వీలుంటుంది. వెనక ఇత్తడి పలకకున్న చిన్న మూత తెరిస్తే అవి చేతికొస్తాయి.

బట్టులన్నీ షెడ్డు మూల కుప్ప పడ్డాయి. అధ్యక్షులు వాటిలో ఒకదాన్ని చేతిలోకి తీసుకుని వెలుతురుకు తిప్పి చూశారు. అరవై డెబ్భై ఏళ్ల చెక్క. బెల్లం పాకంలో నల్ల గీతలు కలిపినట్టు ఉంది. ఇదేం కట్టె అని అడిగారు.

"అక్రోటు, సార్" అన్నాను.

"తినే అక్రోటా?"

"అదే చెట్టు సార్. మన దగ్గర పెరగదు. చలి దేశాల్లో, కాశ్మీరులో పెరుగుతుంది."

ఆయన ఆశ్చర్యపడ్డారు. నిజం చెప్పాలంటే నేను కూడా ఆ సంగతిని కోర్సులో ఒక వాక్యంగా చదివానే తప్ప, ఇంతకాలం చేతిలో పట్టుకుని తిరిగినా దాని గురించి ఎక్కువ ఆలోచించలేదు. చుట్టూ టేకు అడవి ఉన్న జిల్లాలో కూర్చుని, ఎక్కడో మంచు కొండల కట్టెకు నూనె రాస్తూ బతికానన్న ఆలోచన ఆ రోజే వచ్చింది.

అప్పుడు మోతకు నిలబడ్డ రజిత నోరు తెరిచింది. బోర్డు జరుగుతుండగా కానిస్టేబుల్ మాట్లాడకూడదు. ఆమెకు అది గుర్తొచ్చేసరికే మాట సగం బయటికి వచ్చేసింది.

"సార్, పూల్ స్టిక్కులు సుత గీ కట్టెతోటి చేస్తరట. నేను వీడియోల చూసిన."

రిజర్వ్ ఇన్‌స్పెక్టర్ గారు ఆమె వైపు ఒక చూపు చూశారు. అధ్యక్షులు మాత్రం నవ్వి, ఎవరీ అమ్మాయి అన్నారు.

రజితది నస్పూర్. బాపు, అంటే తండ్రి, బొగ్గు గనిలో పనిచేసేవాడు. ఇంటర్ చదివేటప్పుడు గని కాలనీ దగ్గర ఒక గదిలో పూల్ టేబుల్ పెడితే అక్కడ ఆట నేర్చుకుంది. పూల్ అంటే ఆరు జేబులున్న బల్ల మీద అంకెలు వేసిన బంతులను పొడవాటి కర్రతో, తెల్ల బంతి ద్వారా కొట్టి జేబుల్లో వేసే ఆట. మా పోలీసు క్లబ్బులో అలాంటి బల్ల ఒకటి ఉంది. శాఖ జట్టుకు ఎంపిక కోసం ఆమెకు రోజూ సాయంత్రం రెండు గంటలు గార్డు డ్యూటీ నుంచి మినహాయింపు ఇచ్చారు. అంతకు ముందు ఏడు ఎంపిక కాలేదు. క్లబ్బులో ఉన్న నాలుగు కర్రలూ విల్లులా వంగినవే. ఈసారి కూడా కాకపోతే మినహాయింపు తీసేసి అడవి వైపు ఔట్‌పోస్టుకు పంపుతానని రిజర్వ్ ఇన్‌స్పెక్టర్ గారు చెప్పేశారు. ఔట్‌పోస్టులో బల్ల ఉండదు. అంటే ఆట అక్కడితో సరి.

ఇదంతా ఇన్‌స్పెక్టర్ గారే అధ్యక్షులకు వివరించారు. అధ్యక్షులు నన్ను చూసి, కర్ర మీరు చేయగలరా అని అడిగారు. చేయగలనన్నాను. పూల్ కర్రను నేను అంతవరకు చేత్తో ముట్టుకోలేదు.

మూడు బట్టులను క్లబ్బు ఉపయోగానికి ఇవ్వవచ్చని ప్రొసీడింగ్స్‌లో ఒక వాక్యం చేరింది. షరతు ఏమిటంటే, మళ్లీ తుపాకీకి తగిలించే వీలు లేకుండా వాటి మెడలను బోర్డు ఎదుటే కోసేయాలి. రంపం నేనే పట్టాను. కోత పడగానే పొట్టు పొడిపొడిగా రాలలేదు, ముద్దగా రాలింది. మంచి కట్టె అనుకున్నాను. మిగిలిన కుప్పకు నిప్పు పెట్టారు. అంత మంట నేను ఏ కట్టెకూ చూడలేదు.

ఆ తరువాత రెండు వారాలు నేను ఈ కట్టె గురించి, పూల్ కర్రల గురించి చదువుకున్నాను. కుతూహలమే దానికి కారణం. తుపాకీకి అక్రోటు ఎందుకు వాడతారంటే, అది బరువు తక్కువగా ఉండి దెబ్బకు ఓర్చుకుంటుంది. తుపాకీ పేలినప్పుడు వెనక్కి తన్నే తన్నుకు టేకు పొరల వెంట చీలుతుంది. జిట్రేగు, అంటే రోజ్‌వుడ్, చీలదు గాని మోసేవాడి భుజం లాగేస్తుంది. పైగా అక్రోటు ఒకసారి బాగా ఆరితే వానకాలం ఉబ్బదు, ఎండాకాలం మెలిపడదు. పూల్ కర్రకు కావలసిన గుణాలు కూడా దాదాపు ఇవే అని తెలిసి నాకు సంతోషం కలిగింది.

పూల్ కర్ర పొడవు యాభై ఎనిమిది అంగుళాలు. నడుమ మరతో కలిసే రెండు సగాలు. బంతిని తాకే ముందు సగాన్ని షాఫ్ట్ అంటారు. అది తెల్లగా, గట్టిగా ఉండే మేపుల్ కట్టెతో ఉండాలి. దానికి మన దగ్గర ప్రత్యామ్నాయం లేదు. రజిత హైదరాబాద్ నుంచి ఒకటి తెప్పించుకుంది. చేత పట్టుకునే వెనక సగాన్ని కూడా బట్టు అనే అంటారట. అక్రోటు ఆ సగానికి వాడతారు. నల్లచేవ లాంటి బరువైన కట్టె వాడితే కర్ర బరువంతా వెనక్కి పోతుంది. అక్రోటుతో తూకం కొంచెం ముందుకు జరుగుతుంది, బంతిని తాకినప్పుడు చేతికి వచ్చే అదురు మెత్తగా ఉంటుంది.

నా దగ్గరున్న ముక్కల్లో పొడవైనది పదకొండు అంగుళాలు. కాబట్టి వెనక సగాన్ని మూడు ముక్కలుగా చేయాలి. ముందు ముక్కను ఒక బట్టు అడుగు భాగంలోని గట్టి చోటు నుంచి కోశాను. చేత్తో పట్టుకునే నడిమి ముక్క లోపలా, చివరి ముక్క లోపలా పాత రంధ్రం అలాగే ఉంది. దాన్ని లోపంగా కాక వసతిగా చూశాను. ఆ రంధ్రంలోంచి పొడుగునా ఒక జిట్రేగు బద్దను దూర్చి జిగురుతో అతికిస్తే, మూడు ముక్కలూ ఒకే కర్ర అవుతాయి. కర్రలు చేసేవాళ్లు కావాలని రంధ్రం తొలిచి మరీ ఇలా చేస్తారని చదివాను. ముందు ముక్కలో కొంత తప్ప నాకు తొలిచే పని తప్పింది.

ఆయుధాగారంలో ఇనుము చెక్కే లేత్ ఉంది గాని కట్టెకు పనికిరాదు. లక్సెట్టిపేటలో మల్లేశం అని మంచం కోళ్లు, తొట్టెల కాళ్లు చెక్కే లేత్ పనివాడున్నాడు. నా ఈడువాడే. డిసెంబరులో మూడు ఆదివారాలు అతని దగ్గరికి వెళ్లాను. మొదటి రోజు రజిత కూడా కొలతల కోసం వచ్చింది.

మల్లేశం ముక్కలను తిప్పి చూసి, "ఏంది సారూ, తుపాకి సగమే తెచ్చిన్రు? మిగిలిన సగం ఎవలి మీదికన్న గురిపెట్టి వచ్చిన్రా?" అన్నాడు.

"గవన్నీ నీకెందుకు గాని, దీన్ని గుండ్రంగ చెయ్యి" అన్నాను.

"గుండ్రంగ చేసుడు నా పనే. ఎంత సన్నగ?"

రజిత వివరించింది. ముందు ఇంత, వెనక ఇంత, మధ్యలో ఎక్కడా అంచు తగలొద్దు, చెయ్యి జారినట్టు పోవాలి అని. మల్లేశం శ్రద్ధగా విని, "బిడ్డా, మంచం కోడుకు గిన్ని ముచ్చట్లు ఎవలు చెప్పరు. పండినోడు కిందికి చూడడు" అన్నాడు. ఆమె నవ్వి, "గిది పండేటిది కాదు కాకా, గెలిచేటిది. వంకర పోయిందనుకో, నన్ను అడివికి తోలుతరు" అంది.

"అయితె జర దూరం జరుగున్రి. కండ్లల్ల పడ్తది."

ఉలి ఆనించగానే ముదురు గోధుమ రంగు పొట్టు పొడవాటి రిబ్బన్లలా లేచి అతని మోచేతుల మీద పడింది. టేకుకు అలా రాదు, గరుకు పొడి లేచి ముక్కులోకి పోతుంది, ఉలి పదును గంటకోసారి చచ్చిపోతుంది. ఈ కట్టెకు ఉలి పదును పోలేదు. పొగ లేదు. ఒక తీపి, కొంచెం చేదు కలిసిన వాసన వచ్చింది.

మల్లేశం లేత్ ఆపి ముక్క మీద బొటనవేలు రాసి, "గిది కట్టె కాదు సారూ, వెన్న. నలభై ఏండ్ల సంది కొడ్తున్న, గిసొంటిది చూడలే" అన్నాడు.

నేను కూడా అదే అనుకున్నాను. డైరీలో ఆ రాత్రి రాసుకున్నాను: "పొట్టు విరగదు. కట్టె నాణ్యత ఉత్తమం." ఈ వాక్యం గురించి తరువాత చెబుతాను.

మర పని నాది. ముందు సగాన్నీ వెనక సగాన్నీ కలిపే మరను స్టీలు కడ్డీ నుంచి చేశాను. వెంట్రుక కూడా దూరనంత బిగువుగా వచ్చింది. రంధ్రాల లోపల గుడ్డ చుట్టిన పుల్లతో తుడిచాను. పొడిగానే కనిపించింది. రెండు రకాలు కలిపే గట్టి జిగురు పూసి, జిట్రేగు బద్దను దూర్చి, బిగించి, రెండు రోజులు వదిలేశాను. చివరికి పైన ఉడికించిన అవిసె నూనె పలుచగా మూడు పూతలు వేశాను. అక్రోటు చెక్కకు ఆర్మరర్ చేసే అలంకారం అదొక్కటే.

జనవరి 10న కర్ర రజిత చేతికి ఇచ్చాను. క్లబ్బు స్టాకులో ఎక్కించేటప్పుడు "వాడుకకు తగినది" అని నేనే సంతకం చేశాను. ఆయుధాల రిజిస్టరులో వేలసార్లు రాసిన మాటే.

ఆమె బల్ల మీద మొదటి దెబ్బ కొట్టి ఆగిపోయింది. ఏమైందని అడిగితే, "చప్పుడు సార్. క్లబ్బు స్టిక్కు కొడితే డబ్బ మోగినట్టుంటది. గిది గొంతు సవరించుకున్నట్టుంది" అంది. ఆ పోలిక నాకు నచ్చి రాసుకున్నాను. ఫిబ్రవరి చివరికి ఆమె ఆట మారింది. తెల్ల బంతిని కొట్టిన చోట ఆపడం, వెనక్కి రప్పించడం వచ్చాయి. రిజర్వ్ ఇన్‌స్పెక్టర్ గారు ఒకసారి వచ్చి చూసి ఏమీ అనకుండా వెళ్లారు. ఆయన ఏమీ అనకపోవడం మెప్పుదల కిందే లెక్క.

ఎంపిక పోటీలు 2015 మార్చి 13, 14 తేదీల్లో కరీంనగర్‌లో ఒక క్లబ్బు హాలులో పెట్టారు. మహిళలు ఆరుగురు. ప్రతి ఒక్కరూ మిగతా అయిదుగురితో ఆడాలి. మొదటి రోజు మూడు ఆటలు, రెండో రోజు రెండు. ముగ్గురు జట్టులోకి, నాలుగో వ్యక్తి రిజర్వులోకి. నేను రెండు రోజుల సెలవు పెట్టి వెళ్లి మా బావమరిది ఇంట్లో దిగాను. చేసిన కర్ర ఎలా పనిచేస్తుందో చూడాలన్న కుతూహలమే నన్ను తీసుకెళ్లింది.

ఎండలు అప్పుడే ముదురుతున్నాయి. బల్ల మీద సుద్ద ఎగురుతుందని హాలులో ఫ్యాన్లు ఆపేశారు. మొదటి ఆట రజిత తేలికగా గెలిచింది. రెండో ఆట సగంలో నాకు ఒక చప్పుడు వినిపించింది. బంతి చప్పుడు కాదు. దెబ్బ తరువాత వెంటనే, సన్నగా, గోరు విరిచినట్టు. ఆమెకు కూడా వినిపించింది. కర్రను చూసుకుంది, మరను బిగించుకుంది, మళ్లీ కొట్టింది. మళ్లీ అదే చప్పుడు. తేలికైన బంతి జేబు అంచుకు తగిలి బయటికి వచ్చింది. ఆమె ఇంకా గట్టిగా పట్టుకుంది, ఇంకా గట్టిగా కొట్టింది. రెండో ఆట పోయింది. మూడోది కూడా పోయింది.

జట్టు మేనేజరుగా వచ్చిన మా రిజర్వ్ ఇన్‌స్పెక్టర్ గారు అందరి ఎదుటా అన్నారు: "ఏందమ్మా, లాఠీ చార్జి చేస్తున్నవా? స్టిక్కు పలిగేటట్టు కొడ్తున్నవ్. ఆట చేతుల ఉండాలె, భుజంల కాదు."

ఎవరో నవ్వారు. రజిత కర్రను రెండు ముక్కలుగా విప్పి, షాఫ్టు తన సంచిలో పెట్టుకుని, వెనక సగం నా చేతికి ఇచ్చింది.

"మీరు కష్టపడి చేసిన్రు సార్. నేనే పాడు చేసిన. నా చెయ్యే మంచిగ లేదు. గంత మంచి స్టిక్కు ఇచ్చినంక సుత ఆడలేకపోతె ఇంకేమున్నది. రేపు రాను. పొద్దుగాల బస్సుకు పోత."

రేపు ఆడదలచుకోకపోతే పది గంటలలోపు రాసిస్తే చాలని మేనేజరు గారు చెప్పారు. నేను ఆమెను ఆపలేదు. నిజంగానే గట్టిగా కొట్టిందేమోనని నాకూ అనిపించింది. ఆ మాట దాచకుండా రాస్తున్నాను.

సాయంత్రం ఆరు గంటలకు బావమరిది ఇంటి వసారాలో కర్ర ముందు పెట్టుకుని కూర్చున్నాను. మా పనిలో ఒక నియమం ఉంది. ఫైరింగ్ రేంజిలో ఒకరి గుళ్లు వరసగా గురి తప్పితే, వాళ్ల చేతిని తప్పుపట్టే ముందు ఆర్మరర్ ఆ తుపాకీతోనే తాను అయిదు గుళ్లు కాల్చి చూడాలి. తుపాకీ సరిగా ఉందని తేలాకే మిగతా మాట. ఈ కర్ర విషయంలో ఆ పని ఇంకా జరగలేదని నాకు అప్పుడు తట్టింది.

రెండు కొసలూ పట్టుకుని మెలిపెట్టాను. పట్టు ముక్క లోపలి బద్ద మీద గింగిరాలు తిరిగింది. చివరి ముక్కను లాగితే అంత పొడవు జిట్రేగు బద్ద ఒరలోంచి కత్తి వచ్చినట్టు వచ్చేసింది. బద్దకు జిగురు గట్టిగానే అంటి ఉంది. అక్రోటు వైపు మాత్రం అంటలేదు. పాము కుబుసంలాగా నున్నగా, రంధ్రం ఆకారంలోనే గట్టిపడి ఊడి వచ్చింది. రంధ్రంలో వేలు పెట్టి తీశాను. వేలు మెరిసింది. పాత పత్రిక కాగితం చుట్టి లోపల తిప్పితే కాగితం అవతలి అక్షరాలు కనిపించేటంత తడిసింది.

వాసన చూశాను. అవిసె నూనె కాదు. తుపాకీ నూనె.

అది ఎలా వచ్చిందో నాకు ఎవరూ చెప్పనవసరం లేదు. వారానికోసారి ఆయుధాల తనిఖీ చేసేవాణ్ణి. బట్టులోని నూనె సీసాను తలకిందులు చేస్తే చుక్క రాలాలి. రాలకపోతే పరేడ్ మైదానం చుట్టూ మూడు రౌండ్లు. ఈ శిక్షను పెట్టించింది నేనే. దానికి భయపడి అందరూ సీసాను మూత పట్టనంతగా నింపేవారు. నింపిన సీసాను రంధ్రంలోకి తోసేవారు. ఎక్కువైనది కారి కట్టెలోకి ఇంకేది. బట్టు లోపల తడిగా ఉంటే క్రమశిక్షణ బాగుందని నేను సంతోషించేవాణ్ణి. ఇరవై ఎనిమిది ఏళ్లు ఆ చెక్కకు అలా తాగించాను. చలికాలంలో నూనె లోపలే ఉంది, తుడిస్తే పొడిగా కనిపించింది. మార్చి ఎండకు బయటికి చెమర్చి జిగురును వదిలించింది. ఉలి కింద పొట్టు రిబ్బన్లలా లేవడానికీ, ఉలి పదును పోకపోవడానికీ, నిప్పు పెట్టినప్పుడు అంత మంట లేవడానికీ కారణం కట్టె నాణ్యత కాదు. నూనె.

ఇంకొక సంగతి. చీలిన బట్టుకు అతుకు వేసేముందు సుద్దపొడిని ముద్దగా పూసి ఎండలో పెట్టి, సుద్ద తెల్లగానే ఆరేదాకా మళ్లీ మళ్లీ నూనె లాగించడం ఆర్మరర్ కోర్సులో మొదటి నెల పాఠం. నాకు అది నోటికి వచ్చు. బట్టు పైభాగానికి ఎన్నోసార్లు చేశాను. రంధ్రం లోపల కూడా అదే కట్టె అన్న ఆలోచనే రాలేదు.

రజితకు ఫోన్ చేశాను. స్విచ్ఛాఫ్. ఒక తెల్ల కాగితం తీసి మేనేజరు గారి పేరిట నాలుగు వాక్యాలు రాశాను. మొదటి రోజు ఆటలో కర్ర లోపలి అతుకు ఊడిందని, కారణం నూనె తాగిన చెక్కకు శుద్ధి చేయకుండా జిగురు వేయడమని, అది చేసిందీ, వాడుకకు తగినదని సంతకం చేసిందీ నేనేనని, క్రీడాకారిణి చేతి దెబ్బకు దీనితో సంబంధం లేదని. మరో అయిదు నెలల్లో నా పదవీ విరమణ. నా సర్వీసు ఫైలులో అప్పటిదాకా ఒక్క మెమో లేదు. కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకునే ముందు ఆ సంగతి కూడా కొంతసేపు ఆలోచించాను.

మర్నాడు ఉదయం ఆరుంబావుకు కరీంనగర్ బస్టాండుకు వెళ్లాను. మంచిర్యాల ప్లాట్‌ఫారం దగ్గర రజిత సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి అటెన్షన్‌లో నిలబడింది. కూర్చోమన్నాను. రంధ్రం ఉన్న ముక్కను ఆమె చేతికిచ్చి, లోపల వేలు పెట్టమన్నాను.

వేలు తీసి చూసుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు.

"గిది మన నూనెనే గద సార్!"

"మన నూనే. కడగకుండ జిగురు పెట్టిన. నీ పట్టు లోపల తిరుగుతుంటే నువ్వెట్ల కొట్టినా తప్పుతది. నీ చెయ్యిల ఏం లేదు. తప్పు నాది."

ఆమె నూనె వేలిని సంచికి తుడుచుకుంది. తరువాత ఆమె ముఖంలో కనిపించింది ఊరట అని చెప్పలేను. కోపం. అది న్యాయమే.

"నూనె సీస నిండ లేదని కొత్తల్ల నన్ను మూడు రౌండ్లు ఉరికిచ్చిన్రు. యాదున్నదా సార్?"

"ఉన్నది."

"గా దినం సంది నేను సీస పొంగిపొర్లేటట్టు పోసిన. నా తుపాకి బట్టు సుత గా కుప్పలనే ఉండె." ఆమె ముక్కను తిప్పి చూసింది. "అంటే నిన్న నన్ను ఓడగొట్టిన నూనెల నా చుక్కలు సుత ఉన్నయన్నట్టు."

"ఉండొచ్చు."

"మంచిగున్నది సార్. ఉరికిచ్చుడు మీరే, ఓడిచ్చుడు మీరే." అని ఒక్కసారి పెద్దగా నవ్వింది. పక్కన కూర్చున్నవాళ్లు తిరిగి చూశారు. మంచిర్యాల బస్సు వచ్చి నిలబడింది. ఆమె దాని వైపు చూసి, సంచి భుజానికి తగిలించుకుని, "పొద్దుగాల ఛాయ్ సుత తాగలే. తాగి పోదాం, తొమ్మిదిటికి హాలు తెరుస్తరు" అంది.

తొమ్మిదింపావుకు మేనేజరు గారికి కాగితం ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివి, "గిది మిమ్మల్ని ఎవరన్న అడిగిన్రా?" అన్నారు. అడగలేదన్నాను. కాగితం మడిచి ఫైలులో పెట్టుకున్నారు. నిన్నటి ఆటలు మళ్లీ ఆడించడం కుదరదన్నారు. ఆ సంగతి మాకూ తెలుసు.

ఆడటానికి కర్ర లేదు. హాలు గోడకు క్లబ్బు వాళ్ల కర్రలు పదకొండు నిలబెట్టి ఉన్నాయి. రజిత ఒక్కొక్కదాన్ని బల్ల మీద పడుకోబెట్టి దొర్లించి, కొస ఎగురుతుందో లేదో వంగి చూసింది. వంకర లేనిది ఒక్కటి దొరికింది. బరువు ఎక్కువ, పట్టు దగ్గర పెచ్చు ఊడింది. దాంతోనే ఆడింది. నిన్నటిలా బిగబట్టలేదు. పది గంటల ఆట గెలిచింది. పదకొండున్నర ఆట చివరి బంతి దాకా వెళ్లి గెలిచింది. మొత్తం అయిదింట మూడు. జాబితాలో నాలుగో పేరు, రిజర్వు. సాయంత్రపు రెండు గంటల మినహాయింపు మరో ఏడాది నిలిచింది. నాకు ఏప్రిల్‌లో సంజాయిషీ మెమో వచ్చింది, జవాబిచ్చాను, అది అంతటితో ముగిసింది.

ఆ కర్ర వల్ల నేను నేర్చుకున్నది ఇది. వస్తువు విఫలమైనప్పుడు దాన్ని చేసినవాడే అందరికంటే ముందు నోరు తెరవాలి. అతను ఆలస్యం చేస్తే, వాడినవాళ్లు ఆ తప్పును తమ చేతి మీద వేసుకుని వెళ్లిపోతారు.